పుణ్యమునకు ఐదు, జాగునకు తొంబది

ప్రజల భారమును దించి కీర్తి గడింపదలచిన పాలకుడు ముందుగా ఆ భారమును వారి నెత్తిన మోపియుండవలెను. మోపని మూటను దించుట ఎంతటి సమర్థునకును అసాధ్యము గదా! ఈ ధర్మసూక్ష్మమును చక్కగా నెరిగినవారగుటచేతనే మన పురపాలకులు ఇంటిపన్నును, దానిపై రాయితీని కవలపిల్లలవలె ఒక్క ఊయెలలోనే పెంచుచున్నారు.

హైదరాబాదు మహానగరమునే చూడుడు. సంవత్సరపు పన్ను యావత్తును ఏప్రిలు నెలలోనే, బిల్ కలెక్టరు గుమ్మము త్రొక్కకమునుపే, చెల్లించు సద్గృహస్థునకు 5 శాతము తగ్గింపు. ఈ పథకమునకు ‘ఎర్లీ బర్డ్’ అని నామకరణము చేసిరి. వేకువనే లేచిన పక్షికి పురుగు దొరకునని దొరల సామెత యట. ఆ పురుగు నూటికి ఐదు వంతులే యుండవలెనని కొలిచి కోసినవారు మాత్రము మనవారే.

ఇక పొద్దెక్కి లేచు పక్షుల సంగతి. గడువు దాటిన పన్నుపై నెలకు 2 శాతము వడ్డీ పడును. ఆ వడ్డీ ఏండ్లతరబడి చెదపుట్టవలె పెరిగి పెరిగి, రెడ్ నోటీసులకు బెదరక, విన్నపములకు కరగక, తుదకు అసలునే మ్రింగజూచునంతటిదైన పిదప, సర్కారువారి హృదయము ద్రవించి, బకాయిని ఒక్కమారుగా చెల్లించువారికి వడ్డీలో 90 శాతము మాఫీ యని ప్రకటన వెలువడును. దీనిపేరు ‘వన్ టైమ్ సెటిల్‌మెంట్’, అనగా ఒక్కసారికి మాత్రమే యని అర్థము. ఆ ఒక్కసారి 2020లో వచ్చి, 2022లో వచ్చి, 2024లో వచ్చి, 2025లో మరల వచ్చెను. పంచాంగకర్తలు దీనిని ఇంకను పర్వదినములలో చేర్పకపోవుట వారి అజాగ్రత్తయే.

మా పొరుగున నున్న విశ్రాంత గణితోపాధ్యాయులు ఈ విషయమును నాకు కాగితముపై వేసి చూపిరి. “10,000 రూపాయల పన్నును తమరు ఏప్రిలులో కట్టి 500 మిగుల్చుకొంటిరి. నేను రెండేండ్లు కట్టనైతిని. 4,800 వడ్డీ పడెను, అందు 4,320 మాఫీ యయ్యెను, తక్కిన 480 కట్టితిని. ఆ పదివేలును ఈలోపల నూటికి ఆరు చొప్పున బ్యాంకులో నిదురించుచునే 1,200 కనెను. ఖర్చు పోగా 720. ఇప్పుడు ఐదువందలు పెద్దదో, ఏడువందల ఇరువది పెద్దదో తమరే సెలవిండు.” నేను చదివిన ఎమ్మేలో ఈ లెక్క లేకుండెను.

రాయితీలలో ఋతుధర్మమును పాటించునవియు కలవు. 2016 నగరపాలక ఎన్నికలకు ముందు, ఏడాదికి 1,200 రూపాయలలోపు పన్నుగల ఇండ్లకు దానిని 101 రూపాయలకు తగ్గించిరి. పెండ్లిలో చదివింపులకు వాడు సంఖ్యను పన్నునకు వాడుటలోని మంగళకరమైన ఔచిత్యమును గమనింపుడు. 2020లో దీపావళినాడు, నవంబరు 14న, 15,000 రూపాయలలోపు ఇంటిపన్నులో సగము తగ్గింపును కానుకగా ప్రకటించిరి. పోలింగు డిసెంబరు 1న జరిగెను. నరకాసురుడు చచ్చిన పండుగకును ఓటరు బ్రతికిన పండుగకును నడుమ 17 దినములే యుండుట యాదృచ్ఛికమని నమ్మువారలకు స్వర్గము నిశ్చయము.

ఆంధ్రప్రదేశములోని దయ మరింత సున్నితమైనది. అచ్చట 2021 నుండి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధనపు విలువపై పన్ను విధించుచు, జనులు అదరిపోకుండుటకై ఏటి పెంపు 15 శాతమునకు మించరాదని కట్టడి చేసిరి. ఏటేటా నూటికి పదునైదు చొప్పున పెరుగునది ఐదేండ్లకు రెట్టింపగునని మా మాస్టారు వ్రేళ్లపైననే లెక్కగట్టిరి. అయినను గ్లాసెడు కషాయమును ఒక్క గుక్కలో పోయక ఉగ్గుగిన్నెతో త్రాగించుటను ఊరట యనక మరేమనవలెను?

ఇవన్నియు విచారించి, నేనును ఈయేడు బకాయిదారుడను కావలెనని దృఢముగా సంకల్పించితిని. ఏప్రిలు మొదటి వారము నిబ్బరముగానే గడచెను. రెండవ వారమున నిదుర పలుచనయ్యెను. 30వ తేదీ సాయంకాలమున కాళ్లు తమంతట తామే చెప్పులు తొడుగుకొని మీసేవా వైపునకు నడచెను. రశీదుతో తిరిగివచ్చుచుండగా మాస్టారు అరుగుమీదనుండి లేచి చేతులు జోడించిరి.

“పరిహాసమా మాస్టారూ?” అంటిని.

“ఎంత మాట! తమవంటివారు వేళకు కట్టుటచేతనే గదండీ ఈ వీథిదీపము వెలుగుచున్నది, ఆ వెలుగులోనే గదా నేను మాఫీ ప్రకటన చదువుకొనుచుందును” అనిరి.