వాస్తు పురుషుల వారికి ఒక ఫెర్న్ యజమానురాలి అర్జీ

మహారాజశ్రీ వాస్తు పురుషుల వారి సముఖమునకు,

విషయం: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఒక ఫెర్న్ కుండీకి స్థలం కేటాయింపు గురించి.

అయ్యా,

ఈశాన్యాన తల, నైరుతిన కాళ్ళు పెట్టుకుని బోర్లా పడుకున్న తమరి వీపు మీద మా కుటుంబం పదకొండేళ్ళుగా కాపురం చేస్తోంది. ఇన్నేళ్ళలో తమరికి ఒక్క అర్జీ పెట్టుకోలేదు. మా చెప్పుల స్టాండు మూడు దిక్కులు మారినా నోరెత్తలేదు. ఇప్పుడు వ్యవహారం ప్రాణమున్న జీవిది కనుక ఎత్తక తప్పడం లేదు.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళి వస్తూ కడియపులంకలో ఆగాం. ఒక నర్సరీలో షేడ్‌నెట్ కింద బోస్టన్ ఫెర్న్‌లు వరసగా వేలాడుతున్నాయి. తలంటుకుని జుట్టారబెట్టుకుంటున్నట్టు ఆకులన్నీ కిందికి జారి ఉన్నాయి. మనసు ఆగక ఒకటి కొన్నాను. "ఎండ తగలనివ్వకండమ్మా, అలాగని చీకట్లో పెట్టకండి, తేమ చూసుకోండి" అన్నాడు నర్సరీ అబ్బాయి. రాత్రంతా రైల్లో కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆ మూడు ముక్కలూ వల్లె వేసుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక వాటి ఊసెత్తినవాళ్ళు లేరు. "ఏ దిక్కున పెడతావే?" అన్నారు అత్తయ్య.

తమరి ప్రతినిధిగా చెలామణీ అవుతున్న ఒక సిద్ధాంతిగారికి ఫోన్ వెళ్ళింది. బరువులన్నీ నైరుతిలోనే ఉండాలని సెలవిచ్చారు. మా కుండీ మట్టితో కలిపి రెండు కిలోలు ఉంటుందో ఉండదో. అయినా సోఫా వెనకాల, బీరువా పక్కన, మూల చూసి కూర్చోబెట్టాం. నెల తిరక్కుండా పొద్దున్నే అత్తయ్య ఊడ్చే చెత్తలో సగం ఫెర్న్ ఆకులే. ఎండిన చింతాకుల్లా సన్నగా రాలి, చీపురుకు అందకుండా టైల్సు సందుల్లో ఇరుక్కునేవి. ఆ మూలలో పట్టపగలు తెల్లకాగితం పరిచి జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూశాను. నీడ పడలేదు. నీడ అంచు కత్తితో కోసినట్టుంటే ఫెర్న్‌కు ఎండ ఎక్కువైనట్టు; వేళ్ళు మసకమసకగా ఆనవాలు పడితే సరిపోయినట్టు; నీడే లేదంటే ఆ మొక్క ఆకలితో ఉన్నట్టు. పదహారు దిక్కుల చార్టు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగే తమరి వాళ్ళు సంచిలో ఒక తెల్లకాగితం కూడా పెట్టుకోవచ్చు. ఖర్చేమీ లేదు.

తర్వాత వంతు మా ఆయనది. చల్లదనం కావాలి కదా అని ఏప్రిల్‌లో దాన్ని ఏసీ ఎదురుగా పెట్టారు. వారంలో ఆకుల కొసలు అప్పడం అంచుల్లా మాడాయి. మా బాల్కనీలో ఏసీ గొట్టం కింద పెట్టే బకెట్ తెల్లారేసరికి సగం నిండుతుంది. ఆ నీళ్ళన్నీ గదిలోని గాలిలోంచి పిండినవే. ఫెర్న్ బతికేదేమో ఆ తడి మీద. వేళ్ళకు ఎన్ని చెంబులు పోసినా, ఆకుల చుట్టూ గాలి పొడిగా ఉంటే దానికి దాహం తీరదు.

ఇక అసలు కథ ఉత్తరపు కిటికీది. సిద్ధాంతిగారు ఈసారి కుబేర స్థానం అన్నారు. నా దగ్గరున్న ఇంగ్లండు తోటపని పుస్తకం కూడా ఫెర్న్‌కు ఉత్తరపు కిటికీయే శ్రేష్ఠమంటుంది. తమరి శాస్త్రమూ తెల్లదొరల పుస్తకమూ ఏకమయ్యాక కాదనడానికి నేనెవరిని? కిటికీ గట్టు మీద పెట్టి నిశ్చింతగా ఉన్నాను. మే నెలాఖరున ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఒక పక్క ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతున్నాయి. సంగతేమిటంటే, ఇంగ్లండులో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. మనం కర్కటరేఖకు కింద ఉన్నాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నడిమధ్యాహ్నం మన నీడ కాళ్ళ కిందికి చేరి మాయమవుతుంది. ఆ రోజు దాటాక సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా జరుగుతాడు. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో గానీ తిరిగి రాడు. ఆ మూడు నెలలూ సాయంత్రపు ఎండ మా కుబేరుడి కిటికీ గట్టు మీదికి ఏటవాలుగా దిగుతుంది. గోడ ఏ దిక్కున ఉందో ఇద్దరు పెద్దలూ చూశారు. సూర్యుడు ఏ నెలలో ఎక్కడుంటాడో ఎవరూ చూడలేదు.

తమరిని తప్పుపట్టడం లేదు. ఈశాన్యాన్ని బరువుల్లేకుండా తెరిచి ఉంచమన్నారంటే పొద్దుటి వెలుగు ఇంట్లోకి రావాలనేగా. ఆ తెలివికి దణ్ణం. పైగా తమరి గ్రంథాలు రాసేనాటికి ఈ మొక్క లేదు. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన ఫెర్న్‌లలో ఒకటి వంగి జాలువారే ఆకులతో వేరుగా కనిపించింది. దాని సంతానమే ఇవాళ కడియం నర్సరీల్లో వేలాడేది. తమరు చెప్పని మాటను తమరి పేరు మీద చెబుతున్నవాళ్ళ సంగతే నా బాధ.

విసిగిపోయి జూన్‌లో దాన్ని బాత్రూంలో పెట్టాను. వెంటిలేటర్‌కు మసక గాజు, రోజూ నలుగురి స్నానాలు, తలుపు తీస్తే మొహాన ఆవిరి. 1829లో లండన్‌లో వార్డు అనే డాక్టరు ఒక పురుగు కోశాన్ని తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. ఆయన తోటలోని ఫెర్న్‌లన్నీ ఊరి పొగకు చస్తుంటే, ఆ సీసాలో పిలవని ఫెర్న్ ఒకటి మొలిచింది. మా బాత్రూమే ఆ సీసా అనుకోండి. మూడో వారానికి కుండీ నడుమ పచ్చటి చిగురొకటి, ముట్టుకున్న రోకలిబండలా చుట్టచుట్టుకుని, పైకి లేచింది. ఒంటినిండా తెల్లటి నూగు. రోజుకింత చొప్పున చుట్ట విప్పుకుంది. తొలకరి పుణ్యం కూడా కొంత ఉందని మా ఆయన అంటారు. ఉందనే ఒప్పుకుంటాను.

ఇప్పుడు అత్తయ్య అభ్యంతరం: పచ్చటి మొక్కను స్నానాలగదిలో పెడితే లక్ష్మి నిలవదట. ఇల్లు చూడవచ్చిన ఆడపడుచు కూడా ఆ మాటే అంది.

అంధకాసుర సంహారంలో శివుడి చెమట చుక్క నుంచి తమరు పుట్టారని మత్స్యపురాణం చెబుతోంది. తడి విలువ తమరికి ఒకరు చెప్పాలా! కనుక నా ఫెర్న్‌కు కిందివాటిలో ఏదో ఒకటి మంజూరు చేయగోరుతున్నాను: ఉన్నచోటే ఉండనిమ్మని అత్తయ్యకు కల్లో కనిపించి ఒక మాట చెప్పడం, లేదా మా తూర్పు కిటికీకి రెండడుగులు లోపలగా, పల్చటి తెర వెనకాల, ఒక స్టూలుకు చోటివ్వడం. అక్కడ కాగితం పరిచి చూశాను. పదింటికి వేళ్ళ నీడ మసకగానే పడింది.

ఇట్లు,
తమరి వీపు మీది గృహిణి

తా.క.: ఈ ఉత్తరం రాసేసరికి రెండో చిగురు కూడా వచ్చింది. సిద్ధాంతిగారికి ఇంకా చెప్పలేదు.