వాయిదాల మీద మాటలు

తెలుగువాడికి ఓపిక లేదని ఎవరైనా అంటే, రెండున్నరేళ్ళొచ్చినా మాటలు రాని పిల్లాడున్న ఇంటికి వాళ్ళని తీసుకెళ్ళి చూపించాలి. ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో వెయ్యకపోతే కొంప మునిగిపోతుందని నమ్మే ఇల్లే అది. ప్లేస్కూలు సీటు కోసం పిల్లాడు కడుపులో ఉండగానే వాకబు చేసిన ఇల్లే. నాలుగో ఏట అబాకస్, ఐదో ఏట చేతిరాత క్లాసు, ఆరో ఏట కోడింగు. అన్నిటికీ తొందరే. మాటల సంగతి వచ్చేసరికి మాత్రం ఇంటిల్లిపాదికీ మునుల నిబ్బరం వచ్చేస్తుంది. 'ఇప్పుడేం ముంచుకొచ్చింది? అవే వస్తాయి.'

ఈ కేసు విచారించడానికి ప్రతి ఇంట్లోనూ ఒక ధర్మాసనం కొలువుతీరుతుంది. ప్రధాన న్యాయమూర్తి నాయనమ్మ. ఆవిడ దగ్గర పూర్వపు తీర్పొకటి సిద్ధంగా ఉంటుంది: 'వీళ్ళ నాన్నకి నాలుగేళ్ళదాకా నోరు పెగల్లేదు. ఇప్పుడు చూడు, ఎవర్నీ నోరెత్తనివ్వడు!' ఇందులో రెండో వాక్యానికి కోడలు కూడా సాక్ష్యం చెప్పగలదు. దాంతో కేసు కొట్టివేత.

చిన్న చిక్కేమిటంటే, ఇంట్లో ఒకరికి మాటలు ఆలస్యంగా వచ్చాయన్నది పిల్లాణ్ణి వదిలెయ్యడానికి కారణం కాదు, ఇంకాస్త ముందుగా చూపించడానికి కారణం. 2007లో అచ్చయిన పశ్చిమ ఆస్ట్రేలియా అధ్యయనంలో, అలాంటి చరిత్ర ఉన్న కుటుంబాల పిల్లలు రెండేళ్ళ వయసులో మాటల్లో వెనకబడే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది. ఆడపిల్లలతో పోలిస్తే మగపిల్లలకి ఆ అవకాశం దాదాపు మూడు రెట్లు. అంటే నాయనమ్మ తన పక్షాన బోనెక్కించిన సాక్షి అవతలి పక్షంవాడన్నమాట. 'మగపిల్లలకి ఆలస్యమేనమ్మా' అన్న రెండో వాదన సంగతీ అంతే. మగపిల్లలు సగటున వెనకబడే మాట నిజమే, కాకపోతే ఒకటి రెండు నెలలు. ధర్మాసనం దాన్ని ఒకటి రెండేళ్ళుగా చదువుకుంటుంది.

మేనమామ ఇంకా పెద్ద సాక్షిని తెస్తాడు. 'ఐన్‌స్టీన్‌కీ మాటలు లేటే, తెలుసా?' తెలుసు. ఆ సంగతి ఐన్‌స్టీనే 1954లో ఒక ఉత్తరంలో రాశాడు. తనకి మాటలు ఆలస్యమైతే అమ్మానాన్నలు కంగారుపడి డాక్టరుకి చూపించారని కూడా అందులోనే రాశాడు. ఆడియాలజిస్టు అన్నవాడే లేని 1880ల నాటి జర్మనీలో ఆ దంపతులు చేసిన పని, గల్లీకో ఆస్పత్రి ఉన్న హైదరాబాదులో మనం చెయ్యం. పిల్లాణ్ణి సాపేక్ష సిద్ధాంతం దాకా మోసుకెళ్ళే మేనమామ, మధ్యలో ఉన్న ఆ డాక్టరు గుమ్మం దగ్గర మాత్రం ఆగడు.

పెళ్ళి పందిళ్ళలో ఇలాంటి కథలకి కొదవుండదు. మూడేళ్ళదాకా మూగనోము పట్టి, ఒక శుభముహూర్తాన గడగడా మాట్లాడేసిన తోడికోడలి కొడుకు ప్రతి పెళ్ళిలోనూ ఉంటాడు. మాటలు రాని పిల్లల కథలు అక్కడ వినబడవు. ఆ పిల్లల్ని పెళ్ళిళ్ళకి తీసుకురారు.

ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ళకి మాటల్లో వెనకబడ్డ పిల్లల్లో సగానికి పైగా బడి ఈడుకి తోటివాళ్ళని అందుకుంటారు. 'అవే వస్తాయి' అన్న మాటలో ఉన్న సత్యమంతా ఇదే. మన పిల్లాడు ఆ సగంలో ఉన్నాడో మిగతా సగంలో ఉన్నాడో మొహం చూసి చెప్పగల నాయనమ్మ ఇంకా పుట్టలేదు. ఆ మాటకొస్తే థెరపిస్టూ పుట్టలేదు. తేడా అల్లా, థెరపిస్టు పరీక్షించి చూస్తానంటుంది, నాయనమ్మ అక్కర్లేదంటుంది.

తీర్పుతో పాటు వైద్యం కూడా ధర్మాసనమే రాసిస్తుంది. తేనెలో వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయడం మొదటిది. వసలోని బీటా-అసరోన్ అనే రసాయనం జంతువుల్లో కణితులు పుట్టించిందని అమెరికా 1968లోనే దాన్ని తిండిపదార్థాల్లో వాడకుండా నిషేధించింది. ఏడాది నిండని పిల్లలకి తేనె పెడితే బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. చిలక కొట్టిన జామకాయ తినిపించడం రెండోది. దీంతో చిలక్కి నష్టం, పిల్లాడికి లాభం లేదు. మూడోది కాస్త ఆధునికం: 'నాలుక కింద పొర అంటుకుంది, కోయించండి.' ఆ పొర కొన్ని శబ్దాలు పలకడానికి ఇబ్బంది పెడితే పెట్టవచ్చు గానీ, మాటలే పుట్టకపోవడానికి అది కారణమన్న ఆధారం లేదు. ఇక బాసరలో అక్షరాభ్యాసం చేయిస్తామని మొక్కుకుంటారా, భేషుగ్గా మొక్కుకోండి. చెవి పరీక్ష వద్దని సరస్వతీదేవి ఎన్నడూ అనలేదు.

అసలు కథంతా చెవి దగ్గర ఉంది. మాటలు ఆలస్యమైన ఏ పిల్లాడికైనా మొదట చెయ్యాల్సింది వినికిడి పరీక్ష. ఆ మాటెత్తితే చాలు, ఇంట్లో అందరికీ పౌరుషం పొడుచుకొస్తుంది. 'వాడికి చెవుడేంటండీ! చాక్లెట్ కాగితం చప్పుడైతే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు.' తర్వాత గృహప్రయోగశాల తెరుస్తారు. వీపు వెనక చప్పట్లు కొడతారు, వంటింట్లో స్టీలు పళ్ళెం పడేస్తారు. పిల్లాడు తిరుగుతాడు. ఆ మోతకి కింద వాచ్‌మన్ కూడా తలెత్తి చూస్తాడు. మాటంటే పళ్ళెం మోత కాదు. 'స', 'ష', 'త' లాంటి హల్లులు సన్నటి శబ్దాలు, అచ్చులకంటే ఎంతో మెల్లగా వినబడతాయి. ఇలాంటి సన్నటి శబ్దాలు మాత్రమే అందని పిల్లాడికి పళ్ళెం వినబడుతుంది, తలుపు వినబడుతుంది, అమ్మ గొంతూ వినబడుతుంది. మాటలో సగం మాత్రం రాలిపోతుంది. జలుబు చేసినప్పుడల్లా మధ్యచెవిలో నీరు చేరే పిల్లలకి ఒక వారం వినబడుతుంది, ఇంకో వారం వినబడదు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసైనా వినికిడి తర్వాత తగ్గవచ్చు. నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలవ్వాలని వైద్యుల సూత్రం. మన సూత్రంలో మొదటి అంకె మూడేళ్ళు.

చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ అనే పరీక్ష ఉంది. పిల్లాణ్ణి నిద్రపుచ్చి తలకి తీగలు అంటించి చేసే బెరా ఉంది. రెంటిలో దేనికీ పిల్లాడు 'వినబడింది' అని చెప్పక్కర్లేదు. వాడికి మాటలు రాకపోయినా ఫరవాలేని పరీక్షలని కనిపెట్టారు. తీసుకెళ్ళడానికి మాత్రం పెద్దవాళ్ళ నోట 'సరే' అన్న మాట రావాలి.

'మాటలు రావనడానికి లేదండీ, రైమ్స్ అన్నీ అప్పజెబుతాడు' అనేవాళ్ళది ఇంకో వాదన. ఫోన్లో చూసి నూరు దాకా అంకెలు చెబుతాడు, రంగులన్నీ ఇంగ్లీషులో చెబుతాడు. దాహమేస్తే మాత్రం ఫ్రిజ్ దగ్గర నిలబడి ఏడుస్తాడు. అప్పజెప్పడం వేరు, అడగడం వేరు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా, ఆకాశంలో విమానం కనబడితే వేలు చూపించి మన మొహం కేసి చూస్తాడా అన్నవి ఏ రైముకంటేనైనా పెద్ద పరీక్షలు. 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడే ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల జాబితా ఇలాంటివే అడుగుతుంది. అందులో రైముల మీద ఒక్క ప్రశ్నా లేదు. రెండేళ్ళు నిండేదాకా వీడియో కాల్‌కి తప్ప తెర చూపించొద్దని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతూనే ఉంది. అన్నం ముద్ద మింగించాలంటే మనకి ఫోనే దిక్కు.

ఇంకో నేరస్థుడు రెండు భాషలట. డల్లాస్‌లో కొడుకింటి గురించి గుంటూరు నుంచి తీర్పు వెళుతుంది: 'ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, పిల్లాడు తికమకపడుతున్నాడు.' మర్నాటి నుంచి అమ్మ 'కమ్ కన్నా, ఈట్ బువ్వ' మొదలెడుతుంది. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. రెండు భాషల్లో వచ్చిన మాటలూ కలిపే లెక్కపెట్టాలి. మూడేళ్ళలోపు పిల్లల్ని అమెరికాలో ప్రభుత్వ కార్యక్రమం కిందే పైసా తీసుకోకుండా పరీక్షిస్తారు. ఆ పరీక్షకి ఫోన్ చెయ్యడం మానేసి, తెలుగు మానేస్తారు.

ఇంత జరిగినా 'స్పీచ్ థెరపీ' అన్న మాట వింటే ఇల్లు ఉలిక్కిపడుతుంది. పేరు పడుతుందట. రేపు చెల్లెలికి సంబంధాలు రావట. కళ్ళజోడుకి పడని పేరు, పళ్ళకి తీగలు కట్టిస్తే పడని పేరు, దీనికే ఎందుకు పడుతుందో తెలియదు. పోనీ ధైర్యం చేసి తీసుకెళితే ఫిర్యాదు మారుతుంది: 'ముప్పావుగంట సేపు ఆవిడ పిల్లాడితో బొమ్మలాడుతూ కూర్చుంది, దీనికి ఫీజా?' ఈ వయసులో థెరపీ అంటే చాలావరకు అదే. నేర్చుకోవాల్సింది పిల్లాడొక్కడే కాదు, మనం కూడా. వాడి కళ్ళెదుట కూర్చోవడం, వాడు చూస్తున్న దాని గురించే మాట్లాడడం, 'ఇదేంటి? అదేంటి?' అని పరీక్ష పెట్టకుండా వాడి వంతు వచ్చేదాకా ఆగడం. ఆగడంలో ఇంత ప్రవీణులమైన మనకి ఈ ఒక్క ఆగడమే రాదు.

అవతలి గట్టున ఇంకో ధర్మాసనముంది, థెరపీ దుకాణం. బోర్డు మీద రంగురంగుల సీతాకోకచిలుకలుంటాయి. వాళ్ళ ఉచిత శిబిరానికి వచ్చిన ప్రతి పిల్లాడికీ ఏదో ఒక లోపం ఉంటుంది. చెవి పరీక్ష రిపోర్టు అడగరు, ముందుగా కట్టే ఆరు నెలల ప్యాకేజీ మీద రాయితీ చెబుతారు. మూడు నెలల్లో మాటలు గ్యారంటీ అంటారు. మాటలకి గ్యారంటీ ఇచ్చేవాళ్ళని చూస్తే లేచి వచ్చెయ్యాలి. చెప్పేది డిగ్రీ ఉన్న మనిషేనా, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు ఉందా అని అడగడం అమర్యాద కాదు. పరీక్షించకుండా 'అక్కర్లేదు' అన్న నాయనమ్మకీ, పరీక్షించకుండా 'కావాలి' అన్న ఈ దుకాణానికీ తేడా ఒక్కటే: నాయనమ్మ డబ్బులు తీసుకోదు.

ఇంతకీ తల్లిదండ్రులు తేల్చాల్సింది థెరపీ కావాలా వద్దా అని కాదు. అది పరీక్షించినవాళ్ళు చెబుతారు. ఎప్పుడు చూపించాలన్నదే వీళ్ళ ప్రశ్న. దానికి జవాబు కష్టమైనదేం కాదు. ఏడాది దాటినా టాటా, దణ్ణం లాంటి సైగలు లేకపోతే చూపించండి. ఏడాదిన్నరకి వేలు పెట్టి చూపించకపోతే, ఒక్క మాటా రాకపోతే చూపించండి. రెండేళ్ళకి యాభై మాటలైనా లేకపోతే, 'తాత రా', 'పాలు ఇవ్వు' అని రెండు మాటలు కలపకపోతే చూపించండి. బువ్వ, జేజి, భౌభౌ కూడా మాటల లెక్కే, ఉదారంగా లెక్కపెట్టుకోవచ్చు. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసులోనైనా ఆ వారమే చూపించండి.

ఎక్కడ అంటారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాలన్నది నియమం. అక్కడ అనుమానం వచ్చిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి, అక్కడ ఖర్చు సర్కారుది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం పని కూడా ఈ పరీక్షలే. ఏసీ ప్లేస్కూలు పిల్లాడి దగ్గరికి ఏ బృందమూ రాదు. వాణ్ణి అమ్మానాన్నలే తీసుకెళ్ళాలి.

పరీక్ష చేయించి ఏమీ లేదని తేలితే పోయేది ఒక పూట, కొన్ని రూపాయలు. చేయించకుండా కూర్చుని, ఏదో ఉందని మూడేళ్ళ తర్వాత తేలితే పోయేవి ఆ మూడేళ్ళు. ఆ బాకీ తీర్చాల్సింది పిల్లాడు. 'అవే వస్తాయి' అని తీర్పిచ్చినవాళ్ళెవరి వాటాకీ అందులో ఒక్క రోజు కూడా రాదు.