విరిగిన ఆకు

పెద్దవూరలో మా వదినవాళ్ల అరుగు మీద పెడన నుంచి వచ్చిన పెద్దాయన కలంకారీ చీరల మూట విప్పాడు. రంగు తాగి నల్లబడిన ఒక టేకు అచ్చు తీసి పక్కన పెట్టుకున్నాడు.

"కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరేసిన గుడ్డమ్మా. ఈ నలుపు ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్లది. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతాం. అప్పటికి ఆ రంగు కనబడదు. ఎర్రరంగు వేళ్లతో రాగి కాగులో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు తేల్తుంది. కాలవలో జాడిస్తాం. మీ సాగర్ దాటొచ్చిన కృష్ణ నీళ్లేనమ్మా అవి!"

17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పోటీపడి ఓడలకెక్కించిన బందరు అద్దకాల వంశం అది. చీర మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఒక పువ్వులో ఎరుపు, నల్లగీత దాటి వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అక్కడ మనిషి చెయ్యి తెలుస్తోంది.

వదినకూ అదే కంటబడింది.

"పువ్వు గీత దాటింది సూడు. ఆకులకు కొసల్లేవు. డ్యామేజీ చీరకు 1800 ఎవరిస్తరు? వెయ్యికైతే ఇయ్యి పెద్దాయనా."

ఆయన మారుమాట్లాడలేదు. వదిన లోపలికెళ్లి, పోయిన దసరాకు పట్నంలో కొన్న చీర తెచ్చి పక్కనే పరిచింది.

"కలంకారీ అంటే గిట్లుండాలె. 2200 పెట్టిన. ఒక్క గీతన్న పక్కకు పోయిందా?"

నిజంగానే ఒక్క గీతా జరగలేదు. పెద్దాయన ఆ చీర దగ్గరకు లాక్కుని, ఒక ఆకు మీద వేలుంచి ఆగిపోయాడు. టేకు అచ్చు తీసి ఆ ఆకు పక్కన వెల్లకిలా పెట్టాడు. అచ్చులో ఆకు కొస గోరంత విరిగి ఉంది. వదిన చీరలో ప్రతి ఆకుకూ అదే చోట, అదే విరుపు.

"ఈ అచ్చు మా నాన్న చెక్కాడమ్మా. నా చేతిలోంచి జారిపడి కొస విరిగింది. మా చీర ఫొటో తీసి స్క్రీన్ కట్టినవాళ్లు ఆ విరుపునీ వదల్లేదు."

వదిన నోట మాట రాలేదు. ఆయన మూట కట్టుకుని లేచాడు.

"రెండు చీరల్లోనూ ఆకు ఒకటేనమ్మా. దానికి అడిగినంతా ఇచ్చారు. దీనికే డ్యామేజీ అన్నారు."