మాతృఫలక మీమాంసకుడు

లోకమున కంప్యూటరు కొనువారు కలరు, కొననివారును కలరు. కాని ఎల్లప్పుడును కొనుచునే యుండి ఎన్నడును కొని ముగింపని మహానుభావుడు ప్రతి వీధికి ఒక్కడు చొప్పున వెలసియుండునన్న సంగతి, మా ప్రక్కవాటాలోని మిత్రునితో సహవాసము కలిగిన పిదపగాని నాకు తెలియవచ్చినది కాదు. వారికి మాతృఫలక మీమాంసకుడని నేను లోలోపల బిరుదమిచ్చితిని. వారు మాత్రము ఆ మాతృఫలకమును, అనగా మదర్‌బోర్డును, మేనకోడలిని పిలిచినంత చనువుగా, వట్టి ‘బోర్డు’ అందురు.

వారి ముందుగదిలో ఒక మూల నల్లని క్యాబినెట్టు నిలిచియున్నది. పండుగ తగ్గింపులో చవుకగా దొరకినదని మొట్టమొదట దానినే కొనిరి. నేడు దాని నెత్తిన ఇల్లాలు అప్పడాల డబ్బా నుంచుచున్నది. బీరువాలో, పట్టుచీరల మడతల నడుమ, 2022లో కొన్న పన్నెండవ తరపు ఐ3 ప్రాసెసరును, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యాములు రెండును పదిలముగా నున్నవి. ఆ ప్రాసెసరు ఒక్కమారైనను కరెంటు రుచి యెరుగకమున్నే దాని మూడేండ్ల వారంటీ తీరిపోయినది. కొఱత యెల్ల ఒక్క బోర్డే.

మన ఆలంకారికులు నాటక పాత్రలను ఉత్తమ మధ్యమాధమ భేదములచే విభజించినట్లు, మిత్రుడు తన ప్రాసెసరునకు తగిన బోర్డులను మూడు తెగలుగా విభజించెను. ఎచ్610 అధమము; దానికి ర్యాము స్లాట్లు రెండే. బీ760 మధ్యమము; దానియందు ర్యాము వేగమును పెంచుకొనవచ్చును గాని ప్రాసెసరు వేగమును పెంచుకొనరాదు. జెడ్790 ఉత్తమము, దానియందు అన్నియు సాధ్యములే, ధర చెల్లించుట తక్క. అధమమును కొందమన్నచో, ‘రేపు ఇంకో రెండు ర్యాములు వెయ్యాలంటే?’ అనును. మధ్యమమును కొందమన్నచో, ‘గుర్రం కంటే జీను ఖరీదా?’ అనును. పోనిండు, డీడీఆర్5 బోర్డు తీసికొనుడనిన, ఆ ర్యాములకును పిన్నులు 288యే యైనను నడిమి గంటు వేఱొకచోట నుండుటచే, బీరువాలోని డీడీఆర్4 జంట దానియందు దిగనే దిగదు.

ఆయన మీమాంసకెల్ల పరాకాష్ఠ వీఆర్‌ఎమ్. ఎస్‌ఎమ్‌పీఎస్ నుండి వచ్చు 12 వోల్టులను ప్రాసెసరు భరింపగల ఇంచుమించు ఒక వోల్టునకు దింపు భాగమది. ఆ దింపుటలో పుట్టిన వేడిమిని చెదరగొట్టుటకై మంచి బోర్డులు దానిపై లోహపు హీట్‌సింకు ధరించును, చవుక బోర్డు లనేకములు ధరింపవు. అందుచే మిత్రుడు ఏ బోర్డు బొమ్మను చూచినను, పెండ్లిపందిటిలో పిల్ల మెడవంక చూచు ముత్తైదువవలె, ముందుగా సాకెట్టు ప్రక్కకే దృష్టి సారించి, ‘మెడ బోసిగా ఉందండీ’ అని పెదవి విరుచును. ఐ3 వంటి మితాహారికి హీట్‌సింకు లేకున్నను జరుగుబాటగునని ఆయనయే యొప్పుకొనును. కాని రేపు ఐ7 వేయవలసివచ్చినచో? ఈ ‘రేపు’ అను రెండక్షరములు ఆయనను మూడేండ్లుగా నేటి పని చేయనీయలేదు.

ఒకనాడు నాకు కంప్యూటరు అవసరమై, ఆయనను వెంటబెట్టుకొని సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయితిని. దుకాణదారు లాయనను చూచి చిఱునవ్వు నవ్విరేగాని ఒక్కరును కుర్చీ చూపలేదు. నాలుగవ దుకాణమున ఆయన ఒక డబ్బా విప్పించి, సాకెట్టుపై ప్లాస్టికు మూత తీయించి, జేబులోనుండి భూతద్దము వెడలదీసి, వెండ్రుకలవలె సన్నగా వంగి మెఱయుచున్న ఆ 1700 పిన్నులపై, పంచాంగము చూచు పురోహితునివలె వంగెను. కౌంటరు వెనుక కుఱ్ఱవానికి ప్రాణములు గొంతులోనికి వచ్చినవి.

‘సార్, ముట్టకుండ్రి సార్! పిన్ను వంగితే వారంటీ రాదు.’

‘ముట్టుకోవడం లేదు నాయనా, చూస్తున్నాను.’

‘పోయిన దసరాకి గూడ చూసిన్రు గద సార్!’

మిత్రుడు ఈ ఆక్షేపణను విననట్లే భూతద్దమును తుడిచికొని, నావైపు తిరిగి, ‘మాస్టారూ, మీకు ఈ ఎచ్610 చాలు. మీరు రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి ఇంతకంటే అక్కర్లేదు. ఇంకేమీ ఆలోచించకండి, తీసేసుకోండి’ అనెను. మూడేండ్ల పాండిత్యము నా విషయమున మూడు నిమిషములలో తీర్పు చెప్పినది. ఆ తీర్పులో దోషము లేదని నేటివఱకు నిక్కచ్చిగా పనిచేయుచున్న నా కంప్యూటరే సాక్ష్యము. మా వీధిలో మఱి నాలుగిండ్ల కంప్యూటరులును ఆయన మాటమీద కొన్నవే. ఒక్కటియు ఇంతవఱకు మొరాయింపలేదు. పరుల సొమ్ము వెచ్చించుటలో ఆయనకు కలిగిన ధైర్యము తన సొమ్మునకు వచ్చుసరికి కానరాదని కొంద ఱాక్షేపింతురు. నాకు మాత్రము వేఱుగా తోచును. బోర్డు బిగించి మీట నొక్కిననాడు ఆయనకు మిగులునది కంప్యూటరు మాత్రమే గదా. దానితో ఆయనకేమి పని?

ఇప్పుడు ప్రతి సాయంకాలమును, భోజనమునకు ముందు, ఆయన మా యింటికి విచ్చేసి, నా కంప్యూటరు ముందు కూర్చుండి, కొత్త బోర్డుల ధరలు పరిశీలించును. మొన్న రాత్రి అట్లే చాలసేపు చూచి, దీర్ఘముగా నిట్టూర్చి, లేచి చెప్పులు తొడుగుకొనుచు గడపయొద్ద నిలిచెను.

‘మీరు తొందరపడ్డారు మాస్టారూ! అదే బోర్డు ఇవాళ మూడువందలు తగ్గింది.’