తుపానులో గాలిపటం: మాచర్ల కుర్రాళ్లకు కొన్ని మెళకువలు

మాచర్లకు సముద్రం లేదని వెనకాడొద్దు అబ్బాయ్. పొద్దున్నే బండెక్కితే నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా మధ్యాహ్నానికల్లా బాపట్లలో ఉంటావు. అక్కణ్ణుంచి సూర్యలంక ఎంతసేపు! కాళ్లకింద పలక, నడుముకు పటకా, పటకాకు ఇరవై మీటర్ల పైచిలుకు తాళ్లు, తాళ్ల చివర ఇంత పెద్ద గాలిపటం. కైట్‌బోర్డింగ్ అంటే ఇంతే. నేర్చుకోకుండా దిగకూడదని చెప్పేవాళ్లుంటారు. వాళ్లు వేరే జిల్లావాళ్లు.

కారంపూడిలో వీరుల తిరునాళ్ల కార్తీక అమావాస్యకు మొదలవుతుంది. బంగాళాఖాతంలో తుపాన్ల కాలమూ అదే. తిరునాళ్లలో మందపోరు చూసిన వేడి చల్లారకముందే బయల్దేరు. నిజాంపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో కనుక్కో. ఒకటో రెండో అయితే ఇంటికొచ్చెయ్. పదైతే పదికి పది మార్కులొచ్చినట్టే. పదకొండు కూడా ఉంది గానీ, అది తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయినప్పుడు ఎగరేసేది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, గంటకు 90–100 కిలోమీటర్ల గాలితో. గుమ్మంలోకొచ్చిన అలాంటి అవకాశాన్ని జనం పునరావాస కేంద్రాల్లో కూర్చుని పోగొట్టుకున్నారు.

పటం పెద్దదే తీసుకో. తెలిసినవాళ్లు గంటకు 28 కిలోమీటర్ల గాలికి 12 చదరపు మీటర్ల పటం కడతారు, గాలి పెరిగేకొద్దీ చిన్నది మారుస్తారు, మరీ పెరిగితే మూటగట్టి టీ తాగుతారు. పిరికి లెక్క. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. అదే 12 చదరపు మీటర్ల పటంతో మిచౌంగ్‌కు ఎదురు నిలిస్తే పది రెట్లు దాటుతుంది. కోటప్పకొండ ప్రభను చూశావుగా, గాలికి ఒరగకుండా చుట్టూ మోకులు పట్టుకుని నడిపిస్తారు? నీదీ అలాంటిదే, కాకపోతే మోకు పట్టేవాడివి నువ్వొక్కడివే. అక్కడ చెయ్యి జారితే మోకు పోతుంది. ఇక్కడ మోకుతోపాటు నువ్వూ పోతావు.

నడుము దగ్గర ఒక విడుపు మీట ఉంటుంది. తోశావంటే పటం బలమంతా పోయి కూలబడుతుంది. దాన్ని టేపుతో గట్టిగా చుట్టెయ్. మధ్యలో వదిలేశావని తెలిస్తే గురజాలలో బంధువులు ఏమనుకుంటారు? హెల్మెట్ కూడా వద్దు, రీల్‌లో క్రాపు కనపడదు.

నీళ్లలోకి పోయే తొందర అక్కర్లేదు. వెనకాల సరుగుడు తోట, కరెంటు స్తంభాలు, వీలైతే ఒక రిసార్టు గోడ ఉండేలా చూసుకుని ఒడ్డునే పటం లేపు. 2008 ఆగస్టులో ఫే తుపాను వేళ ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒకతను ఒడ్డునే ఇలా దొరికిపోయాడు. ఒక్క విసురుకు గాలి అతణ్ణి ఎత్తి ఇసుకలో కొట్టి, ఈడ్చి, మళ్లీ ఎత్తి రోడ్డవతల భవనానికి వేసి బాదింది. టీవీ కెమెరా ఉండబట్టి ప్రపంచమంతా చూసింది. బతికాడు, అది వేరే విషయం. నువ్వు కెమెరా మరిచిపోకు.

సూర్యలంక దూరమనిపిస్తే విజయపురి సౌత్ దగ్గర సాగర్ జలాశయం ఉండనే ఉంది. మే నెల సాయంత్రం మబ్బు నల్లబడగానే, వాన కంటే ముందొచ్చే ఈదురుగాలి కోసం కాచుకో.

ఒడ్డున పడవలు పైకి లాక్కుని కూర్చున్న బెస్తవాళ్లు వద్దురా అంటారు. మీసం మెలేసి ముందుకు నడు. వాళ్లు రోజూ సముద్రాన్ని చూసి చూసి విసిగిపోయినవాళ్లు.

అసలు కిటుకు చివర్న చెబుతున్నా. తుపాను కన్ను సరిగ్గా నీ మీదుగా పోతే గాలి చప్పున పడిపోతుంది, ఆకాశం తెరిపిస్తుంది. అదే నీళ్లలోకి దిగే అదను. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఇందాక ఒడ్డుకు తోసిందే ఇప్పుడు లోపలికి తోస్తుంది. కాబట్టి దిగేముందు బండి తాళాలు స్నేహితుడి చేతిలో పెట్టు. బండైనా మాచర్ల చేరాలి గదా.