నిజాం డబ్బా... దొంగ బువ్వ!

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒకప్పుడు ప్రపంచ కుబేరుడు. పిసినారితనంలోనూ అంతే పేరు. ఆయన పాలన రజతోత్సవానికి వచ్చిపడ్డ కానుకలు హైదరాబాద్ పురానీ హవేలీలోని మ్యూజియంలో కొలువుదీరాయి. అక్కడే వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా కూడా ఉంది.

2018 సెప్టెంబరులో ఓ రాత్రి ఇద్దరు దొంగలు వెంటిలేటర్ ఊచలు తొలగించి, తాడు సాయంతో చోరీకి దిగారు. డబ్బాతోపాటు బంగారు కప్పు, సాసరు, చెంచా కూడా సర్దేశారు. భోజనమయ్యాక టీ ఉండొద్దూ!

ముంబయి వెళ్లి స్టార్ హోటల్లో దర్జాగా దిగారు గానీ, నిజాం సొత్తు కొనే మొనగాడు దొరకలేదు. ఉసూరుమంటూ తిరుగుముఖం పట్టారు.

ఈలోగా పోలీసులు సీసీ కెమెరాల దృశ్యాలు జల్లెడ పట్టారు. వారం తిరిగేసరికి దొంగలూ దొరికారు, డబ్బా కూడా దొరికింది. ఇంతకీ ఆ ఇద్దరిలో ఒకడు రోజూ అందులోనే భోంచేశాడట!

నిజాం బహుశా ఎన్నడూ దాన్ని వాడి ఉండరన్నది పోలీసుల మాట. అంటే బోణీ దొంగదే. ఇక మ్యూజియంవారు తేల్చుకోవాల్సింది ఒక్కటే... తిన్నాక తోమాడా, లేదా?