‘బీమా మొత్తం’ అను గడికి మలంచా టీక

మూలం (బీమా దరఖాస్తు నుంచి): తుపాకుల వివరము, బీమా మొత్తము రూ. ..........

ప్రతిపదార్థం: తుపాకుల = లైసెన్సు పుస్తకంలో నంబరు వేసి ఎక్కించిన అగ్న్యాయుధముల యొక్క; వివరము = తయారీ, బోరు, గొట్టం మీది నంబరు; బీమా మొత్తము = పోతే ఇంతకు మించి ఇవ్వబోమని కంపెనీ ముందే గీసిన గీత; రూ. = రూపాయలు; చుక్కలు = కవిహృదయం.

వ్యాఖ్య: ‘తుపాకుల’ అన్న బహువచనం దగ్గరే పేచీ మొదలవుతుంది. సంస్కృతానికి ద్వివచనం ఉంది, తెలుగుకు లేదు. ఆ కొరత 2019లో వచ్చిన ఆయుధ చట్ట సవరణ తీర్చింది. డీలర్లనూ రైఫిల్ క్లబ్బులనూ పక్కనపెడితే మనిషికి రెండే తుపాకులు. అంతకుముందు మూడు ఉండేవి. తాతల నాటి తుపాకి వారసత్వంగా వచ్చినా లెక్క రెండు దాటరాదు. జోడుగొట్టాల తుపాకి ఒక్కటే ద్వివచనం కాదా అని వైయాకరణుడు అడగవచ్చు. నంబరు ఒకటే గనక అది ఏకవచనమే. ఇక మరమ్మతు చేసినా పేలని పాతకాలపు తుపాకి 1959 నాటి అసలు చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం ఈ లెక్కలోకే రాదు. అంటే పేలేవాటి సంగ్రహం రెండింటితో ఆగిపోతుంది, పేలనివాటిది ఇల్లు పట్టినంత. మన దేశంలో ‘ఆయుధ సంగ్రహం’ అనే సమాసానికి ఇంతకంటే విస్తారమైన విగ్రహవాక్యం చెప్పలేం.

‘మొత్తము’ అన్నచోట ఖరగ్‌పూర్ మలంచా పేటలోని పూర్వపక్షి లేస్తాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్ఖానా ఖరగ్‌పూర్‌లో వెలిసిన నాటి నుంచి ఇక్కడి తెలుగువాడు ఇనుముతో బతికినవాడు. ఇనుము తూకం, లేత్ మీద పట్టిన గంటలు, మెరుగు పెట్టిన కూలీ కలిపితే వస్తువు ధర వస్తుందన్నది అతని మతం. ఇంజను చక్రానికి అది చెల్లుతుంది, తుపాకికి చెల్లదు. ఇదే పశ్చిమ బెంగాల్‌లో ఇచ్ఛాపూర్ కర్మాగారం చేసే .315 రైఫిల్ పోతే కొత్తది కొనే దారుంది, ధర అడిగి గడిలో రాయవచ్చు. పాత ఇంగ్లీషు వెబ్లీ రివాల్వర్ సంగతి వేరు. విదేశీ తుపాకుల వ్యాపార దిగుమతి 1980ల నుంచి మూతపడింది గనక, దేశంలో ముందే ఉన్నవే చేతులు మారుతూ ఉంటాయి. అరువది ఏళ్ల అరుగుదల ఉన్న ఇనుము కొత్త ఇనుముకంటే ఎక్కువ పలకడానికి కారణం లోహంలో లేదు, మూసిన రేవులో ఉంది. అందువల్ల రెండు తుపాకులకూ కలిపి ఒకే అంకె వేయడం వ్యాఖ్యాన దోషం. దేని పంక్తి దానిదే.

రేవు కూడా సగం కథే. అదే వెబ్లీ లైసెన్సు ఉన్నవాడి బీరువాలో సొత్తు, లేనివాడి బీరువాలో ఆయుధ చట్టం 25వ సెక్షన్ కింద సాక్ష్యం. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సులో ఖాళీ ఉండాలి. 2019 సవరణ వల్ల మూడోది వదులుకోవలసినవాళ్లు అమ్మకానికి తెచ్చారు. అదే సవరణ కొనేవాళ్ల ఖాళీల్ని కూడా ఒక్కొక్కటి తగ్గించింది. సరుకు పెరిగి చోటు తగ్గితే ధర ఎటు పోతుందో సంతకు వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాబట్టి తేదీలేని విలువ విలువ కాదు. సవరణకు ముందు డీలర్ ఇచ్చిన చీటీ పట్టుకుని నేటి గడి నింపడం పాత పంచాంగంతో ముహూర్తం పెట్టినట్టే.

“అయితే పెద్ద అంకె వేసేస్తే పోలా?” పోదు. బీమా నష్టాన్ని పూడుస్తుంది గాని లాభం చేయదు. ఐదు లక్షలని రాసినా, రెండు లక్షల వస్తువు పోతే రెండు లక్షలే. “చిన్న అంకె వేసి ప్రీమియం మిగుల్చుకుంటే?” అది ఇంకా చేటు. నాలుగు లక్షల జతకు లక్షకే బీమా చేసి, అందులో రెండు లక్షలది దొంగ ఎత్తుకుపోతే, తక్కువ బీమాకు అదే నిష్పత్తిలో కోత పెట్టే సరాసరి నిబంధన ఉన్న పాలసీ చేతిలో పెట్టేది యాభై వేలు. ఈ రెండు గోతుల మధ్య సన్నని గట్టు ఒకటుంది: విలువను ముందే ఇరుపక్షాలూ ఒప్పుకోవడం. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో పురాతన వస్తువులు, అపురూప వస్తువుల వంటివాటికి ఈ ఒప్పుదల పద్ధతి ఉంది. కాని అది ప్రధానంగా అగ్ని, వరద వంటివాటి పాలసీ; ఉత్త దొంగతనం దాని పరిధిలో లేదు. తుపాకికి అసలు భయం దొంగేగనక చోరీ రక్షణ విడిగా అడగాలి, తుపాకి ఆ జాబితాలోకి వస్తుందని రాతపూర్వకంగా అనిపించుకోవాలి. ఎన్నికలప్పుడు థానాలో జమ చేయమంటే వస్తువు ఇల్లు దాటుతుంది. ఆ రోజులకూ పాలసీ వర్తిస్తుందా అన్నది సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్న.

ప్రమాణం: విరాటపర్వం. పాండవులు ఆయుధాల్ని జమ్మిచెట్టుమీద దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని వేలాడదీశారు. దాన్ని మించిన చోరీ నివారణ షరతు ఏ పాలసీలోనూ కనబడదు. వాళ్ల గడువు ఏడాది. 2019 సవరణ అదనపు తుపాకి జమకు ఇచ్చిన గడువూ ఏడాదే. తరువాత ఉత్తరుడు ఒక్కొక్క విల్లూ గుర్తులతో సహా ఇదెవరిదని అడగడం, బృహన్నల చెప్పడం చూస్తే, వస్తువారీ జాబితా మనకు కొత్త కాదని తేలుతుంది.

సిద్ధాంతం: కంపెనీ పూడ్చగలిగేది ఇనుము విలువనే, లైసెన్సు విలువను కాదు. గడిలో ఇనుముకు నేటి ధర, తేదీతో, పంక్తికొకటిగా రాయాలి. లైసెన్సు విలువకు బీమా వేరే ఉంది: ఐదేళ్లకోసారి కంగ్సావతి దాటి మేదినీపూర్ కలెక్టరేటులో గడువు తప్పకుండా చేయించే రెన్యువల్. సర్కారు లైసెన్సు రద్దుచేసి తుపాకి తీసుకుంటే అది చోరీ కాదు, పాలసీ పలకదు. గాండీవమూ అర్జునుడి సొంతం కాదు, అగ్ని అడిగితే వరుణుడిచ్చినది. మహాప్రస్థానంలో అగ్ని వచ్చి అడగ్గానే నీళ్లలో వదిలేశాడు. పరిహారం ప్రస్తావన ఆ పర్వంలో లేదు.